జనం నోట తిరుగుబాటు: వ్రాసిపెట్టవలసిన కర్తవ్యం

చరిత్ర రెండు చోట్ల నిలుస్తుంది. ఒకటి కచేరీ కాగితాలలో, రెండవది జనం నాలుకపై. మొదటిదానిని కాపాడుటకు ప్రభుత్వానికి బీరువాలు, గుమాస్తాలు, ముద్రణాలయాలు ఉన్నాయి. రెండవదానికి ముసలివారి జ్ఞాపకశక్తి తప్ప వేరు ఆధారం లేదు. ఆ ముసలివారు ఒక్కొక్కరుగా వెళ్ళిపోతున్నారు. కనుక మన ప్రాంతంలో జరిగిన ఒక పెద్ద తిరుగుబాటును గురించి ఇంకను మిగిలియున్న జనశ్రుతిని సేకరించి భద్రపరచుట నేటి విద్యావంతుల తక్షణ కర్తవ్యమనియు, ఆ పనికి మన కళాశాల విద్యార్థులకంటె తగినవారు లేరనియు నా అభిప్రాయం. దీనిని కొంత వివరంగా పాఠకుల ముందుంచదలచాను.

నేను చెప్పదలచినది ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరుగుబాటు. అది కర్నూలు జిల్లా కథ, మన కడపవారికి దానితో ఏమి సంబంధం అని కొందరు అనుకొనవచ్చును. 1846లో కోయిలకుంట్ల తాలూకా కడప జిల్లాలోనే ఉండెను. ఆ తాలూకాను కర్నూలు క్రిందికి మార్చినది 1858లో. తిరుగుబాటును అణచుటకు ఉత్తరువులు వెలువడినది కడప కలెక్టరు కాక్రేన్ కచేరీ నుండి. నరసింహారెడ్డి మాతామహుడు జయరామిరెడ్డి ఏలిన నొస్సం మన జమ్మలమడుగుకు ఉత్తరాన పొరుగు సీమ. జిల్లా సరిహద్దులు ప్రభుత్వం గీసిన గీతలు. మాట ఆ గీతలనెరుగదు. జమ్మలమడుగు దాటి, ముద్దనూరు మీదుగా పులివెందుల, వేముల దాక పెండ్లి సంబంధాలు, పశువుల సంతలు, కూలి వలసలు నడిచినచోటికెల్ల ఆ కథయును నడిచివచ్చినది.

సంగ్రహంగా జరిగినది ఇది. 1800లో నిజాము ఈ దత్తమండలాలను కంపెనీవారికి అప్పగించిన తరువాత, ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో ఇక్కడి సుమారు 80 మంది పాలెగాండ్ల అధికారాన్ని అణచివేసి, పలువురికి భరణాలు ఏర్పాటు చేసెను. ఆ భరణాలు తరము మారినకొలది వాటాలుగా చీలిపోయెను, వారసులు లేనిచోట రద్దయ్యెను. నరసింహారెడ్డికి దక్కినది నెలకు 11 రూపాయల చిల్లర మాత్రమే. నొస్సం భరణం మాతామహుని మరణంతో ఆగిపోయినది. 1846 జూలై 10న ఆయన తన అనుచరులతో కోయిలకుంట్ల ఖజానాపై పడెను. అక్కడినుండి గిద్దలూరు వరకు వ్యాపించిన పోరాటం అక్టోబరు 6న పేరుసోమల కొండ ప్రాంతంలో ఆయన పట్టుబడుటతో ముగిసెను. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో, జుర్రేరు ఒడ్డున, రెండువేలకు పైగా జనం చూచుచుండగా ఉరితీసిరి. జనమును భయపెట్టుటకై ఆయన తలను 1877 దాక కోటపై వ్రేలాడదీసియుంచిరని గ్రంథాలు చెప్పుచున్నవి.

ఈ తేదీలన్నియు కాగితాల పుణ్యమే. 1886లో గోపాలకృష్ణమశెట్టి వ్రాసిన కర్నూలు జిల్లా మాన్యువలు వంటి గ్రంథాలు లేకున్న ఇంతమాత్రమైనను నిశ్చయంగా చెప్పజాలము. అయితే కాగితం ఎవరి పక్షాన వ్రాయబడినదో మరువరాదు. ప్రభుత్వపు వ్రాతలలో అది భరణం కోసం అలిగిన ఒక వ్యక్తి చేసిన అల్లరి. ఆ ఒక్కని కోపానికి వందలాదిమంది ఏల ప్రాణాలొడ్డిరి? దీనికి సమాధానం కట్టుబడివారి స్థితిలో ఉన్నది. ఊరి కాపలా, పాలెగాని కొలువు చేసి, అందుకు బదులుగా ఇనాం భూములను అనుభవించిన తలారులు, బంట్రోతులు కట్టుబడివారు. క్రొత్త ప్రభుత్వం ఆ ఇనాములను లాగుకొని, పని లేదు, భూమి లేదు అన్నప్పుడు వారికి మిగిలినది ఆకలి. నరసింహారెడ్డి వెంట నడిచిన సైన్యంలో వారే హెచ్చు. ఆయనకు కుడిభుజంగా జనం చెప్పుకొనే ఓబన్న వడ్డెర కులస్థుడు. శిక్ష పడిన 112 మందిలో ఎందరి పేర్లు ఈనాటి చదువుకున్నవారికి తెలియును? వేళ్ళపై లెక్కింపవచ్చును. ఏదో ఒక పల్లెలో, ఏదో ఒక ఇంటిలో, “మా తాత తండ్రిని ఆ గొడవలో పట్టుకొనిపోయిరి” అన్న ఒక్క వాక్యంగా ఆ పేర్లు మిగిలియుండవచ్చును. ఆ వాక్యం వ్రాయబడవలెనన్నదే నా ఆవేదన.

దీనిపై చరిత్ర అధ్యాపకులు ఒక ఆక్షేపణ తెత్తురు. జనం చెప్పేదానిలో తప్పులు మెండు, దానిని చరిత్ర అనుట ఎట్లు అని. ఆక్షేపణ న్యాయమైనదే. ఉదాహరణకు, నరసింహారెడ్డి అనుచరులను అండమానుకు పంపిరని చెప్పుకొనుట కలదు. అండమానులో ఖైదీల స్థావరం స్థిరపడినది 1858లో. 1847లో శిక్ష పడినవారిని అక్కడికి పంపుట అసంభవం. ఆ కాలంలో ద్వీపాంతర శిక్ష పడిన ఖైదీలు సింగపూరు, పినాంగు, మౌల్మీను వంటి చోట్లకు పోయెడివారు. కాగా, ఈ తప్పు ఎట్లు పుట్టినదో ఆలోచింపుడు. తరువాతి తరాలవారికి దేశభక్తుల శిక్ష అనగానే అండమాను పేరు తోచినది. తమ ఊరివారిని వారు ఆ పంక్తిలో కూర్చుండబెట్టుకొనిరి. జరిగిన సంగతిగా అది తప్పు. జనం ఆ తిరుగుబాటును ఏ దృష్టితో చూచిరో తెలుపుటకు అది చక్కని సాక్ష్యం. అట్లే, అన్నంలో మత్తుమందు కలిపించి వీరుని పట్టించిరను కథ. అది నిజమో కాదో తేల్చుట కష్టం. శత్రువు బలంచేత కాదు, ఇంటివారి ద్రోహంచేతనే మనవాడు ఓడెనని నమ్ముకొనుట ఓడిపోయిన జాతులన్నిటికిని అలవాటు. కాగితం ఏమి జరిగినదో చెప్పును; మాట అది జనానికి ఏమైనదో చెప్పును. ఒకదానితో ఒకటి సరిచూచుకొనవలెనేకాని, ఒకదానికై మరొకదానిని పారవేయరాదు.

జనశ్రుతి ఒకే గొంతుతో పలుకుననుకొనుటయు పొరపాటే. దీనికి మనకు దగ్గరలోనే గొప్ప నిదర్శనం కలదు. వేంపల్లె సమీపంలో పాపాఘ్ని నది కొండలను చీల్చుకొని వచ్చే గండి క్షేత్రం మనవారందరికి తెలిసినదే. శ్రీరామునికి స్వాగతంగా వాయుదేవుడు అచ్చట కట్టిన బంగారు తోరణం పుణ్యాత్ములకు, అదియును మరణకాలం సమీపించినప్పుడే, కనిపించునని ప్రతీతి. మద్రాసు గవర్నరుగానున్న మన్రో దొర ఆ దారిన పోవుచు తల యెత్తి, ఆ తోరణం ఎవరు కట్టిరని అడిగెననియు, వెంటనున్నవారెవరికిని అది కానరాలేదనియు, కొద్దికాలానికే ఆయన కాలం చేసెననియు కథ. మన్రో 1827 జూలై 6న పత్తికొండలో కలరాతో మరణించుట చరిత్ర. ఇక చూడుడు. పాలెగాండ్లను అణచిన దొరకు బంగారు తోరణం చూపించినదియు ఈ సీమ జనమే. ఆ పాలెగాని మనుమడు తిరుగబడి ఉరికంబం ఎక్కినప్పుడు పాట కట్టినదియు ఈ సీమ జనమే. ఇది వైరుధ్యమా? కాదు. పాలెగాండ్ల దోపిడి తప్పి, తన పేర పట్టా పొందిన రైతుకు మన్రో పుణ్యాత్ముడు. ఇనాం పోగొట్టుకొన్న కట్టుబడివానికి అదే ప్రభుత్వం అన్నం లాగుకొన్నది. జనం అనగా అందరును ఒకటి కాదు. ఎవరి జ్ఞాపకం వారి బ్రతుకులోనుండి పుట్టినది. పాఠ్యపుస్తకంలో ఈ రెంటికి ఒకే పుటలో చోటు దొరకుట కష్టం. పల్లె నోటిలో రెంటికిని చోటు దొరికినది.

ఇట్టి జ్ఞాపకాలను ఏమి చేయవలెనన్న ప్రశ్నను మనకంటె ముందుగా ఎదుర్కొన్న దేశమొకటి ఉన్నది. అది ఐర్లండు. మనకును ఆ దేశానికిని గల చరిత్ర సంబంధం విద్యార్థులకు వింతగా తోచవచ్చును. 1792లో శ్రీరంగపట్నం సంధిచే టిప్పు సుల్తాను నుండి కడప సీమను తీసి నిజాముకు ఇప్పించిన గవర్నరు జనరలు కారన్‌వాలిస్. ఆయనయే 1798లో ఐర్లండులో రాజప్రతినిధిగా నుండి, అచ్చటి మహా తిరుగుబాటును అణచివేయు పనిని ముగించెను. 1800లో నిజాము చేత మన సీమను కంపెనీకి ఇప్పించిన గవర్నరు జనరలు వెల్లెస్లీ ఐర్లండులో పుట్టినవాడే. ఒకే సామ్రాజ్యపు చేతులు రెండు దేశాలపైనను పనిచేసినవి. రెండుచోట్లను ఓడినవారి కథ కాగితంలో చిన్నదై, జనం నోట పెద్దదై నిలిచినది.

1798 మే నెలలో ఐర్లండు తూర్పు భాగంలో రైతులు బల్లెములు చేతబట్టి లేచిరి. వెక్స్‌ఫర్డు సీమలో జూన్ 21న వినిగరు గుట్ట వద్ద వారు చెల్లాచెదరైరి. ఆగస్టు 22న వెయ్యిమందికి పైగా ఫ్రెంచి సైనికులు హంబర్టు సేనాని నాయకత్వంలో పడమటి తీరాన కిల్లాలా వద్ద దిగి, స్థానికులతో కలిసి కొన్నాళ్ళు పోరాడిరి. సెప్టెంబరు 8న అదియును ముగిసినది. పట్టుబడిన ఫ్రెంచివారిని యుద్ధఖైదీలుగా మర్యాదతో స్వదేశం పంపిరి. వారితో చేరిన ఐరిషు రైతులను ఊచకోత కోసిరి. ఆ పడమటి పల్లెలవారు ఆ ఏటిని అంకెతో చెప్పరు, ‘ఫ్రెంచివారి సంవత్సరం’ అందురు. మన పెద్దలు 1876 నాటి క్షామాన్ని ‘ధాత కరువు’ అన్నట్లే. తిరుగుబాటుదారులు దారిబత్తెంగా జేబులలో పోసుకొన్న బార్లీ గింజలు, వారిని గుంపుగా పాతిపెట్టిన గోతులపై మరుసటి ఏడు మొలకెత్తి, ఆ చోట్లను చూపించినవని మరొక కథ. దీనికి దస్తావేజు అడుగువాడు అమాయకుడు. దీనిని వ్రాసికొనక విడిచినవాడు నష్టపోయినవాడు.

ఆ దేశంవారి అనుభవంలో మనకొక హెచ్చరిక కూడ ఉన్నది. తిరుగుబాటు శతజయంతి జరిగిన 1898లో మెకాల్ అను కవి, వెక్స్‌ఫర్డులో పోరాడిన జాన్ మర్ఫీ అను మతాచార్యునిపై ‘బూలవోగ్’ అను పాట కట్టెను. పాట బహు చక్కనిది. ఎంత చక్కనిదనగా, నూరేండ్ల తరువాత కట్టినదన్న సంగతి పలువురు మరచి, దానినే ఆనాటి పాటగా భావించిరి. ఒక్క నాయకుని బొమ్మ పెద్దదై, వెనుకనున్న వేలమంది నీడలోనికి పోయిరి. పోరాటంలో పాల్గొన్న ఉత్తరాది ప్రెస్బిటేరియనుల మాట మరింత మరుగున పడినది. తరువాతి రాజకీయాలలో వారి వారసులు ఎదుటి పక్షాన నిలిచినందున, మా తాతలు తిరుగుబాటుదారులని బయటికి చెప్పుకొనుటకు జంకిరి. కనుక మరపు అనునది ముసలితనంచేత మాత్రమే రాదు. ఇబ్బంది కలుగునప్పుడును వచ్చును.

మన సీమలో ఇప్పుడు సరిగా అదే ఘట్టం నడచుచున్నది. 2019 అక్టోబరు 2న నరసింహారెడ్డి కథ ‘సైరా’ పేర పెద్ద చలనచిత్రంగా విడుదలయ్యెను. జానపదుల పాటలోని పిలుపే దానికి పేరయినది. 2021లో కర్నూలు విమానాశ్రయానికి ఆయన పేరు పెట్టిరి. ఈ రెండును సంతోషింపదగినవే. నూటడెబ్బది ఏండ్లు కోలాటాలలోను, భిక్షుక గాయకుల నోటను బ్రతికిన పేరు దేశమంతట వినిపించినది. అయితే చిత్రం చిత్రమే. అందులో ఈ కథను 1857 నాటి ఝాన్సీరాణి తన సైనికులకు చెప్పును; రేనాటి కట్టుబడివాని ఇనాం భూమి కథ ఆ మహాకథకు ముందుమాటగా మారిపోవును. కళకు ఆ స్వేచ్ఛ ఉన్నది. ప్రమాదం కళలో లేదు, మన సోమరితనంలో ఉన్నది. ఈ ఏడు ఒక పల్లెలో బాలుని పిలిచి నరసింహారెడ్డి కథ చెప్పుమన్న, వాడు తెరపై చూచినది చెప్పును. వాని అవ్వ చెప్పగలిగినది వేరుగా నుండవచ్చును. ఇరువది ఏండ్లు గడచినచో ఆ బాలుడే పెద్దవాడై, చిత్రంలో చూచిన దానినే ‘మా పెద్దలు చెప్పినది’ అని చెప్పును. అప్పుడు దేనికి ఏది మూలమో తేల్చుట ఎవరి తరము కాదు. తంగిరాల వెంకట సుబ్బారావుగారి వంటి పండితులు ఊరూర తిరిగి వీరగాథలను సేకరించియుండకున్న, మనకు ఈపాటికే చాల భాగం దక్కియుండెడిది కాదు. వారు ముఖ్యంగా సేకరించినది పాట. పాటగా కూర్చబడని మాట, ఇంటింటి చిన్న చిన్న జ్ఞాపకం, ఇంకను మిగిలియున్నది.

ఐర్లండువారు ఈ చిక్కుకు ఒక ఉపాయం కనుగొనిరి. 1935లో అచ్చటి ప్రభుత్వం జానపద విజ్ఞాన సంఘాన్ని స్థాపించినది. 1937 నుండి 1939 వరకు ఆ సంఘం దేశంలోని సుమారు 5,000 ప్రాథమిక పాఠశాలల పిల్లల చేతికి ఈ పనిని అప్పగించినది. ఏబదివేల మంది బాలబాలికలు తమ అవ్వాతాతల వద్ద కూర్చుండి, ఊరి కథలు, కరువులు, పాడుబడిన ఇండ్లు, పోరాటాలు, సమాధులు, అన్నిటిని గురించి విన్నది విన్నట్లు వ్రాసి తెచ్చిరి. ఆ నోటుపుస్తకాలు నేడు డబ్లినులోని యూనివర్సిటీ కాలేజీలో భద్రంగా ఉన్నవి. అంతర్జాలంలో ఎవరైనను చదువుకొనవచ్చును. తిరుగుబాటు జరిగి అప్పటికి నూటనలుబది ఏండ్లు. మన తిరుగుబాటుకు ఇప్పటికి నూటఎనుబది ఏండ్లు కావచ్చినది. మనము వారికంటెను ఆలస్యమైతిమి.

మనకు ఇట్టి సంప్రదాయం లేకపోలేదు. కల్నల్ మెకంజీ కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరుల సహాయంతో ఊరూర కైఫీయతులు సేకరించెను. 1820లో కడపకు వచ్చిన బ్రౌను దొర తరువాతి కాలంలో వానికి నకళ్ళు వ్రాయించెను. ఆయన బంగళా ఉండిన చోటనే నేడు కడపలో బ్రౌను భాషాపరిశోధన కేంద్రం వెలసి, ఆ కైఫీయతులను అచ్చువేసినది. అయితే కైఫీయతులలో వినబడునది ముఖ్యంగా గ్రామ కరణం గొంతు. కూలివాడు, వడ్డెర, బోయ, దూదేకుల, ఇంటిలోని స్త్రీ, వీరు చెప్పినది అందులో అరుదు. ఆ లోటును పూరించుట మన వంతు.

పద్ధతి విషయమై మన విద్యార్థులు బయటికి చూడనక్కరలేదు. హదీసు శాస్త్రవేత్తలు వేయేండ్లకు పూర్వమే నోటిమాటను స్వీకరించుటకు కట్టుదిట్టమైన నియమం ఏర్పరచిరి. మాట ఒక్కటే చాలదు. దానిని ఎవరు ఎవరినుండి వినిరో, ఆ ‘ఇస్నాదు’ అనబడు గొలుసు యావత్తు చెప్పవలెను. ప్రతి ‘రావీ’ యొక్క నమ్మకాన్ని పరీక్షింపవలెను. గొలుసులో ఒక కడియం తెగిన, ఆ సంగతిని దాచక చెప్పవలెను. మత విషయంలో పెద్దలు పాటించిన ఆ నిజాయితీని ఊరి చరిత్ర విషయంలో మనమేల పాటింపరాదు? “ఈ సంగతిని ఫలానా వయస్సుగల అవ్వ చెప్పినది, ఆమె తన మేనత్త వద్ద విన్నది, మేనత్త నొస్సం ఆడపడుచు” అని ఒక్క పంక్తి చేర్చినచో, ఆ నోటుపుస్తకం రేపటి పరిశోధకునకు బంగారం. “చిత్రం చూచిన తరువాత చెప్పినది” అన్న పంక్తియు అంతే విలువైనది.

మరి రెండు మాటలు. మొదటిది, నచ్చినది మాత్రమే వ్రాయరాదు. తిరుగుబాటుదారులు మా ఇల్లు దోచిరని చెప్పుకొను కుటుంబముండవచ్చును. మా తాత సర్కారు సిపాయిగా అవతలి పక్షాన పోరాడెనని చెప్పుకొనుటకు సంకోచించు ఇల్లుండవచ్చును. ఐర్లండు ఉత్తరాదివారి మౌనం మనకు పాఠం కావలెను. ఆ ఇండ్లలోనికి నిందించుటకు కాక, వినుటకు పోవలెను. రెండవది, మన ఇండ్లలో నానీలు, దాదీలు దక్కనీ ఉర్దూలో చెప్పే జ్ఞాపకాలను తెలుగు పండితులు అందుకొనలేరు. తెలుగు పల్లెపదాలను ఉర్దూ మాత్రమే చదివినవారు అందుకొనలేరు. రెండు భాషలను ఒకే గొడుగు క్రింద చదువు నేర్పు ఈ కళాశాల విద్యార్థికి రెండు తలుపులును తెరిచియున్నవి. ఇట్టి సౌకర్యం జిల్లాలో ఎన్ని సంస్థలకు కలదు?

నేడు వేముల పేరు చెప్పిన, బయటివారికి ముగ్గురాయి గనులు, తుమ్మలపల్లె యురేనియం గుర్తుకు వచ్చును. భూమి అడుగున ఉన్నదానిని వెలికితీయుటకు కోట్ల రూపాయల యంత్రాలు వచ్చినవి. నేలపైన, అరుగులపైన, కుక్కి మంచాలపైన కూర్చున్నవారి లోపల ఉన్నదానిని వెలికితీయుటకు ఒక నోటుపుస్తకం, ఒక కలము, కొంత ఓర్పు చాలును. ఖనిజం మరి వేయేండ్లయినను ఉన్నచోటనే ఉండును. మనిషి అట్లుండడు.

కావున విద్యార్థి మిత్రులారా, వచ్చే వేసవి సెలవులలో మీ మీ ఊళ్ళకు పోయినప్పుడు ఒక్కొక్కరు ఒక్క పెద్దను కలిసి, ఆ పాలెగాండ్ల కాలమును గురించి, ఆ తిరుగుబాటును గురించి, కోటపై తల వ్రేలాడిన నాటి సంగతులను గురించి వారు విన్నది అడిగి, వారి మాటలోనే వ్రాసి తెండు. “నాకేమియు తెలియదు నాయనా” అన్నవారి మాటనుకూడ వ్రాయుడు. కథ ఏ ఊరిదాక వచ్చి ఆగినదో దానివలన తెలియును. మీరు తెచ్చిన పుటలను గ్రంథాలయంలో ఒక బీరువా కేటాయించి భద్రపరచవలెనని కళాశాల పెద్దలను సవినయంగా కోరుచున్నాను. కచేరీ కాగితానికి ఒక బీరువా ఉన్నది. జనం మాటకును ఒకటి ఉండుట న్యాయం.